యెరూషలేములో దుబాసీలు

మా నాన్నగారికి కోలారు బంగారు గనుల్లో ఒక మారుపేరు ఉండేది. దుబాసి. వారమంతా ఆయన గని ఆఫీసులో గుమాస్తా. ఆదివారం మాత్రం దుబాసి. మా గుడిలో అయ్యగారు తమిళంలో ప్రసంగించేవారు. నాన్నగారు ఆయన పక్కన ఒక మెట్టు కింద నిలబడి, వాక్యం వెంట వాక్యం తెలుగులో చెప్పేవారు. చిత్తూరు జిల్లా నుంచి గనుల్లో పనికి వచ్చి స్థిరపడిన మా తెలుగు కుటుంబాలు ఆ తెలుగు కోసం ఎడమ పక్క చాపల మీద ఒకచోట చేరి కూర్చునేవి. అయ్యగారికి తెలుగు రాక కాదు. రాబర్ట్‌సన్‌పేట మార్కెట్లో వంకాయలు బేరమాడేటప్పుడు ఆయన తెలుగు మా తెలుగుకు ఏమీ తీసిపోదు. ప్రసంగపీఠం ఎక్కితే మాత్రం తమిళమే. గుడిలో ఎక్కువమంది తమిళులు కాబట్టి దాన్ని ఎవరూ తప్పుపట్టలేదు.

శుభ శుక్రవారం నాడు మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు గంటల వరకు, సిలువ మీద క్రీస్తు పలికిన ఏడు మాటల గురించి ఏడుగురు మాట్లాడేవారు. ఏడుగురికీ తెలుగు చెప్పేవాడు ఒక్కడే. మాట్లాడినవారు ఒకరి తరువాత ఒకరు దిగి వెళ్లి కూర్చునేవారు. నాన్నగారు మూడు గంటలూ, మంచినీళ్లయినా ముట్టకుండా, ఆ మెట్టు మీదే నిలబడేవారు. పదేళ్ల వయసులో నాకది చిన్నతనంగా ఉండేది. మాట ఒకరిది, గొంతు మా నాన్నది, ఇదేం పని అనుకునేవాణ్ణి.

ఆ అభిప్రాయం యాభై ఏళ్లకు గాని మారలేదు. మార్చింది, పదహారు వందల ఏళ్ల కిందట యెరూషలేము చూడబోయిన ఒక స్త్రీ రాసిపెట్టిన యాత్రా వృత్తాంతం. ఈ వ్యాసం ఆ వృత్తాంతం గురించి.

2018లో బెంగళూరు నుంచి బయలుదేరిన ఒక బృందంతో నేనూ యెరూషలేముకు వెళ్లాను. నెబో కొండ, యెరూషలేము, బేత్లెహేము, నజరేతు, గలిలయ సముద్రం, సీనాయి, కైరో, అన్నీ పది రోజుల్లో చుట్టి వచ్చే బస్సు యాత్ర అది. తెలుగువారిలో ఈ యాత్ర చేసేవారు ఈమధ్య బాగా పెరిగారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2008లో యెరూషలేము యాత్రికులకు ఆర్థిక సహాయం మొదలుపెట్టింది. ఏడాదికి మూడు లక్షల లోపు ఆదాయం ఉన్నవారికి ఆ సాయాన్ని 40 వేల రూపాయల నుంచి 60 వేలకు పెంచాలని 2019లో నిర్ణయించింది. పక్క రాష్ట్రాల్లో ఉన్న మనకు అది వర్తించదు. మా బృందంలో మాలూరు దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఒక ముసలమ్మ పాలు అమ్మి కూడబెట్టిన డబ్బుతో వచ్చింది.

ఒలీవల కొండ మీది నుంచి గెత్సేమనేకు దిగే దారి బాగా ఏటవాలు. మార్గదర్శి ఇంగ్లీషులో చెబుతున్నాడు. మాతో వచ్చిన బోధకుడు దాన్ని తమిళంలో చెబుతున్నాడు. ముసలమ్మ నా చొక్కా చెయ్యి పట్టుకుని, "ఏమంటా ఉండాడు నాయనా ఆయప్ప?" అని అడిగింది. చెప్పాను. వెనక నడుస్తున్న ఇద్దరు ఆడవాళ్లు దగ్గరికి జరిగారు. కొండ దిగేసరికి నా చుట్టూ ఏడెనిమిది మంది ఉన్నారు. నా గొంతు బొంగురుపోయింది. మా నాన్న చేసిన పనే నేనూ చేశానని అప్పుడు తోచలేదు. రాత్రి బసలో పడుకున్నాక తోచింది.

తిరిగి వచ్చాక, ఈ దారి మొదట నడిచినవాళ్లెవరో తెలుసుకోవాలనిపించింది. బెంగళూరులో ఒక వేదాంత కళాశాల గ్రంథాలయంలో వెదుకుతుంటే ఎగేరియా దొరికింది.

*

ఆమె సంగతికి ముందు ఆ యాత్ర ఎలా మొదలయిందో కొంచెం చెప్పాలి.

క్రీ.శ. 70లో రోమనులు యెరూషలేము దేవాలయాన్ని కూల్చివేశారు. రెండో శతాబ్దంలో హేడ్రియన్ చక్రవర్తి ఆ పాడుపడిన ఊరి మీద ఏలియా కాపిటోలినా అనే రోమను పట్టణం కట్టించాడు. క్రీస్తును సిలువ వేసిన చోటు, సమాధి చేసిన చోటు మట్టి కింద పూడిపోయాయి. వాటి మీద రోమను దేవాలయం లేచింది. ఆ రోజుల్లో అక్కడికి వెళ్లివచ్చిన క్రైస్తవులు అరుదు. సార్దీసు బిషప్ మెలితో రెండో శతాబ్దంలో వెళ్లాడు గాని, ఆయన వెళ్లింది పాత నిబంధనలో ఏయే గ్రంథాలు చేరతాయో విచారించడానికి.

నాలుగో శతాబ్దంలో కాన్‌స్టంటైన్ చక్రవర్తి క్రైస్తవానికి అండగా నిలిచాక పరిస్థితి మారింది. ఆయన ఆజ్ఞతో యెరూషలేములో పాత దేవాలయాన్ని తొలగించి తవ్వితే ఒక రాతి సమాధి బయటపడింది. అక్కడ పెద్ద ఆలయం కట్టించి 335లో ప్రతిష్ఠ చేశారు. బేత్లెహేములో క్రీస్తు పుట్టిన గుహ మీద ఒకటి, ఒలీవల కొండ మీద ఆయన శిష్యులకు బోధించిన గుహ మీద మరొకటి లేచాయి. చక్రవర్తి తల్లి హెలెనా వృద్ధాప్యంలో స్వయంగా ఆ నేలకు వచ్చింది. రాజమాత నడిచిన బాట కదా, వెనక జనం కదిలారు.

ఇవాళ మనకు దొరుకుతున్న మొదటి యాత్రా పుస్తకం 333 నాటిది. రాసినవాడు ఇప్పటి ఫ్రాన్సులోని బోర్డో పట్టణం నుంచి వచ్చాడు. పేరు రాసుకోలేదు. ఆ పుస్తకంలో చాలా భాగం మజిలీల పేర్లు, మజిలీకి మజిలీకి మధ్య దూరం, గుర్రాలు మార్చుకునే చోట్లు. చదువుతుంటే రైల్వే టైంటేబులు చూస్తున్నట్టే ఉంటుంది. పుణ్యభూమి చేరాక మాత్రం ఆయన కలం కొంచెం నిదానిస్తుంది. ఫలానా చోట ఫలానాది జరిగింది అని ఒక్కొక్క ముక్క రాసుకుంటూ పోతాడు. ఏం చూశాడో చెబుతాడు గాని, చూసి ఏమనుకున్నాడో చెప్పడు. అది తెలియాలంటే మరో యాభై ఏళ్లు ఆగాలి.

*

1884లో ఇటలీలోని అరెత్సో పట్టణంలో గమురీని అనే పండితుడు ఒక మతసంస్థ గ్రంథాలయంలో పాత తోలుప్రతి ఒకటి చూశాడు. మోంతె కసీనో మఠంలో పదకొండో శతాబ్దంలో నకలు రాసిన ప్రతి అది. అందులో సగం వేరొకరి రచన. తక్కిన సగం ఒక స్త్రీ తన సోదరీమణులకు లాటిన్‌లో రాసిన లేఖలాంటి యాత్రా వృత్తాంతం. మొదలు లేదు. చివర లేదు. నడుమ కొన్ని ఆకులు పోయాయి. రాసినదెవరో ప్రతిలో ఎక్కడా లేదు. గమురీని ఆమెను సిల్వియా అనే వేరొక స్త్రీగా ఊహించి 1887లో అచ్చువేశాడు. 1903లో ఫెరోతాన్ అనే ఫ్రెంచి సన్యాసి అసలు మనిషిని పట్టుకున్నాడు. ఏడో శతాబ్దంలో స్పెయిను వాయవ్య మూలన బియెర్సో ప్రాంతంలో ఉన్న వాలేరియస్ అనే సన్యాసి తోటి సన్యాసులకు ఒక ఉత్తరం రాస్తూ, పడమటి సముద్రపు ఒడ్డు నుంచి బయలుదేరి తూర్పు దేశాలన్నీ తిరిగిన ఎగేరియా అనే స్త్రీ ధైర్యాన్ని మెచ్చుకున్నాడు. ఆయన చెప్పిన ప్రయాణమూ ఈ ప్రతిలోని ప్రయాణమూ ఒకటే. ఆమె తిరిగింది 381కీ 384కీ మధ్య అని పాల్ దెవో అనే పండితుడు 1967లో లెక్కగట్టి చూపాడు. ఇప్పుడు అందరూ ఆ లెక్కనే ఒప్పుకుంటున్నారు.

దొరికిన భాగం సీనాయి కొండ దగ్గర మొదలవుతుంది. ఆ కొండ చుట్టూ తిరిగి ఎక్కేది కాదు, గోడ ఎక్కినట్టు తిన్నగా పైకి ఎక్కాల్సిందేనని రాస్తుంది. వాహనం మీద వెళ్లడానికి వీలు లేక కాలినడకనే ఎక్కింది. పైన ఉన్న సన్యాసులు తమ తోటలో కాసిన పండ్లు ఇచ్చారు. దాన్ని ఆమె రాసిన తీరు చూస్తే మన గుళ్లల్లో ప్రసాదం పుచ్చుకున్నట్టే ఉంటుంది. ప్రమాదముందనుకున్న దారిలో రోమను సైనికులు ఒక కోట నుంచి ఇంకో కోట వరకు తోడు వచ్చారు. ఏ చోటికి చేరినా ఆమె చేసే పని ఒకటే. ముందు ప్రార్థన, తరువాత ఆ చోటికి సంబంధించిన బైబిలు భాగం అక్కడే నిలబడి చదివించుకోవడం, ఆపైన తగిన కీర్తన, మళ్లీ ప్రార్థన. బోర్డో యాత్రికుడు స్థలాన్ని చూశాడు. ఎగేరియా స్థలంలో నిలబడి గ్రంథాన్ని విన్నది. మా బస్సు యాత్రలో ప్రతి మజిలీలోనూ బోధకుడు చేసింది కూడా అదే. ఆ పద్ధతి అంత పాతదని మాకెవరికీ తెలియదు.

ఆమె అక్కడినుంచి నెబో కొండకు, ఎదెస్సాకు, హారానుకు కూడా వెళ్లింది. ఎదెస్సా అంటే ఇప్పటి తుర్కియాలోని ఉర్ఫా. అక్కడ ఆమె చూడబోయింది అపొస్తలుడైన తోమా సమాధి మందిరాన్ని. మద్రాసు వైపు ఉన్న మన పాఠకులకు ఈ పేరు దగ్గరిది. తోమా మైలాపూరు దగ్గర హతసాక్షి అయ్యాడనీ, ఆయన అస్థికలను అక్కడినుంచి ఎదెస్సాకు తీసుకుపోయారనీ సంప్రదాయం చెబుతుంది. శాన్‌తోమ్ గుడికి వెళ్లివచ్చేవారికి ఆ పేరు పడమట అంత దూరాన కూడా ఎగేరియా నాటికే యాత్రాస్థలమై ఉందని తెలిస్తే సంతోషమే కదా. ఆ ఊరి బిషప్ ఆమెను చూసి, భక్తి కోసం ఇంత కష్టపడి భూమి అంచుల నుంచి వచ్చావా అని ఆశ్చర్యపోయాడు.

*

ఎగేరియా యెరూషలేములో దాదాపు మూడేళ్లు మకాం పెట్టింది. ఆమె పుస్తకంలో రెండో భాగమంతా అక్కడి ఆరాధన. సిలువ శ్రమల వారం గురించి రాసిన పుటలు చరిత్రకారులకు ఎంత విలువైనవో మామూలు పాఠకుడికీ అంత విలువైనవి.

మట్టల ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటకు జనం ఒలీవల కొండ మీది ఆలయానికి చేరతారు. మూడు గంటలకు ఇంకా పైకి, క్రీస్తు ఆరోహణమైన చోటికి వెళతారు. సాయంత్రం అయిదింటికి, పిల్లలు కొమ్మలు పట్టుకుని ప్రభువుకు ఎదురువెళ్లిన సువార్త భాగం చదువుతారు. వెంటనే అందరూ లేచి కొండ దిగుతారు. పిల్లల చేతుల్లో ఖర్జూర మట్టలు, ఒలీవ కొమ్మలు. నడవలేని పసివాళ్లు తల్లిదండ్రుల మెడల మీద. ముసలివాళ్లు అలసిపోకుండా నెమ్మది నెమ్మదిగా నడుస్తారని ఆమె ప్రత్యేకం రాసింది. గుడి చేరేసరికి పొద్దు పోతుంది. మేము ముసలమ్మతో దిగిన దారీ ఆ కొండదే. మాకు మాత్రం బస్సు కోసం తొందర.

గురువారం రాత్రి నిద్ర లేదు. కొండ మీద జాగారం చేసి, కోడికూత వేళకు గెత్సేమనేకు దిగుతారు. ఉపవాసాలతో నీరసించిన జనం. వెలుతురు కోసం రెండు వందలకు పైగా దీపాలు. ప్రభువును పట్టుకున్న భాగం చదివేటప్పుడు లేచే ఏడుపు ఊరిలోకి వినిపించేంత ఉండేదట.

శుక్రవారం ఉదయం బిషప్ ముందు బల్ల మీద సిలువ కొయ్య ముక్క పెడతారు. ఆయన రెండు కొసలూ గట్టిగా పట్టుకుని కూర్చుంటాడు. చుట్టూ డీకన్లు కాపలా ఉంటారు. కారణం, ఎప్పుడో ఒకడు ముద్దుపెట్టుకునే నెపంతో ఒక ముక్క కొరికి ఎత్తుకుపోయాడట! భక్తి ముదిరితే ఎంతకు తెగిస్తుందో ఎగేరియా నవ్వకుండా రాసింది. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు వరకు సిలువ నిలిపిన చోటి ముందు ఆరుబయట, ఎండైనా వానైనా, శ్రమల భాగాలు చదువుతూనే ఉంటారు. ఆ మూడు గంటల మాట చదివినప్పుడు నేను పుస్తకం మూసి కాసేపు ఊరుకున్నాను. మా గుడిలో, ఆ మెట్టు మీద మా నాన్న నిలబడిందీ ఆ వేళకే.

*

అసలు నన్ను పట్టి నిలిపింది ఆ తరువాతి విషయం. పుస్తకం చివరి పుటల్లో ఎగేరియా అక్కడి భాషల సంగతి చెబుతుంది.

ఆ దేశంలో కొందరికి గ్రీకూ సిరియాకూ రెండూ వచ్చు. కొందరికి గ్రీకు మాత్రమే వచ్చు. కొందరికి సిరియాకు మాత్రమే వచ్చు. బిషప్‌కు సిరియాకు తెలిసినా ఎప్పుడూ గ్రీకులోనే మాట్లాడతాడు, సిరియాకులో మాట్లాడడు. అందుకని ఒక పురోహితుడు ఎప్పుడూ పక్కన నిలబడి, బిషప్ గ్రీకులో చెప్పినదాన్ని జనానికి అర్థమయ్యేలా సిరియాకులో చెబుతాడు. గుడిలో చదివే పాఠాలు కూడా గ్రీకులోనే చదవాలి. వాటిని సిరియాకులో చెప్పడానికీ ఒక మనిషి ఉంటాడు. ఇక ఈ రెండూ రాని లాటిన్ వాళ్ల మాట. వాళ్లు దిగులు పడనక్కరలేదు, గ్రీకూ లాటినూ తెలిసిన సోదరులు, సోదరీమణులు ఉన్నారు, వాళ్లు విడమరచి చెబుతారు అని ఆమె తన ఊరివాళ్లకు ధైర్యం చెబుతుంది.

ఆ బిషప్ పేరు ఆమె రాయలేదు గాని, ఆ ఏళ్లలో యెరూషలేము బిషప్ సిరిల్. ఆ పీఠం పక్కన మెట్టు ఉందో లేదో ఆమె రాయలేదు. నాకు మాత్రం మా అయ్యగారూ, వంకాయల బేరమూ, ఒక మెట్టు కింద మా నాన్నా కళ్లకు కట్టారు.

ఇందులో ఇంకో సంగతి ఉంది. ఆమె సిరియాకు అన్నది పాలస్తీనా పల్లెల్లో క్రైస్తవులు మాట్లాడిన అరమేయికు. క్రీస్తు తన శిష్యులతో మాట్లాడిన భాష కూడా అరమేయికే. సువార్తలు మాత్రం గ్రీకులో రాశారు. అంటే, క్రీస్తు మాట్లాడిన భాషకు మనుమరాలి వరస అయిన భాషలో మాట్లాడే జనం, క్రీస్తు మాటలు వినడానికి, క్రీస్తు ఊరిలో దుబాసి మీద ఆధారపడ్డారు. స్పెయిను నుంచి వచ్చిన ఎగేరియా పరాయిది కాబట్టి ఆమెకు దుబాసి కావాలి. ఆ నేల మీద పుట్టినవాళ్లకు కూడా ఎందుకు కావాల్సి వచ్చింది? గ్రీకు రాజ్యభాష, పండితుల భాష, పట్టణాల భాష. అరమేయికు పొలాల భాష, వంటింటి భాష. ఆ తేడా గుడిలోకీ వచ్చింది. ఎగేరియాకు అది వింతగా తోచలేదు. ఏర్పాటు బాగుందనే రాసింది. వచ్చిపోయే యాత్రికురాలికి బాగానే ఉంటుంది. అక్కడే ఉండేవాళ్లు ఏమనుకున్నారో రాసిపెట్టినవాళ్లు లేరు.

*

ఆ దుబాసీల మాటలు గాలిలో కలిసిపోలేదు. తరువాతి కాలంలో వాళ్లు నోటితో చెప్పినది పుస్తకాలకెక్కింది. అయిదో శతాబ్దం నుంచి పాలస్తీనా అరమేయికులో సువార్త పాఠాలు, కీర్తనలు గ్రీకు నుంచి తర్జుమా అయ్యాయి. ఆ భాష రానురాను అరబ్బీకి చోటిచ్చి తప్పుకుంది. మధ్యయుగాల తరువాత దానిలో ప్రార్థన చేసే గుడి లేదు. 1892లో స్కాట్లండుకు చెందిన కవల అక్కచెల్లెళ్లు ఆగ్నెస్ లూయిస్, మార్గరెట్ గిబ్సన్ సీనాయి కొండ కింది మఠానికి వెళ్లారు. ఆ భాషలో రాసిన సువార్త పాఠాల గ్రంథాన్ని అక్కడి ప్రతుల నుంచి సరిచూసి 1899లో అచ్చువేశారు. ఎగేరియా గోడ ఎక్కినట్టు ఎక్కిన కొండ అదే. ఆమె గుడిలో విని అర్థం కాక వదిలేసిన భాష, ఆ కొండ కిందే ఇన్ని వందల ఏళ్లు దాగి ఉంది.

ఇంకొక ఉదాహరణ చెబుతాను. యెరూషలేములో ఏ పండుగకు ఏ చోట ఏ పాఠం చదవాలో తెలిపే గ్రీకు పట్టిక ఒకటి ఉండేది. ఆ పాత గ్రీకు మూలం నశించింది. అది మనకు తెలిసింది ఆర్మేనియను తర్జుమా వల్ల. అయిదో శతాబ్దం మొదటి సగం నాటి యెరూషలేము ఆచారాన్ని ఆర్మేనియా యాత్రికులు తమ భాషలోకి మార్చుకుని ఇంటికి తీసుకుపోయారు. ఎగేరియా చెప్పిన మాటలు నిజమా కాదా అని పండితులు సరిచూసుకునేది ఆ తర్జుమాతోనే. బిషప్ గ్రీకు పోయింది. దుబాసి మిగిలాడు.

యాత్రను గురించి అందరూ మంచిగానే మాట్లాడారని అనుకోకూడదు. ఆ కాలంలోనే యెరూషలేము చూసివచ్చిన నిస్సా బిషప్ గ్రెగరీ, చోటు మారినంత మాత్రాన దేవుడు దగ్గర కాడనీ, ఆ ఊరిలో లేని పాపం లేదనీ ఒక లేఖలో రాశాడు. బేత్లెహేములో కాపురముండి బైబిలును లాటిన్‌లోకి తర్జుమా చేసిన జెరోమ్ కూడా, పరలోకానికి బ్రిటను నుంచి ఎంత దూరమో యెరూషలేము నుంచీ అంతే అన్న అర్థంలో ఒక మిత్రుడికి రాశాడు. రాసినవాడు తాను మాత్రం బేత్లెహేము విడిచి పోలేదు.

ఎగేరియా లాటిన్ గురించి ఒక్క మాట చెప్పకపోతే ఈ పత్రిక పాఠకులు ఒప్పుకోరు. మొదట ఆ ప్రతిని చదివిన పండితులు ఆమె వ్యాకరణం చూసి ముఖం చిట్లించారు. తరువాత భాషా శాస్త్రజ్ఞులు దాన్నే నెత్తిన పెట్టుకున్నారు. ఆమె గ్రాంథికం జోలికి పోకుండా, నాలుగో శతాబ్దపు జనం నోట లాటిన్ ఎలా ఆడేదో అలా రాసింది. ఇది చదివినప్పుడు నాకు మన ఏనుగుల వీరాస్వామయ్య గుర్తుకొచ్చారు. ఆయన మద్రాసు తెలుగువాడు. 1830 మే నెలలో కాశీకి బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగివచ్చారు. మజిలీ మజిలీకీ వాడుక తెలుగులో రాసుకున్నారు. అది ఆయన పోయాక 1838లో కాశీయాత్ర చరిత్రగా అచ్చయింది. ఇద్దరికీ మధ్య పద్నాలుగు వందల ఏళ్లకు పైగా ఎడం ఉంది. మతం వేరు, దారి వేరు. ఇంట ఉన్నవాళ్ల కోసం రాస్తున్నామన్న ధ్యాస ఒకటే. వీరాస్వామయ్య ఉద్యోగం ఏమిటో పాఠకులకు తెలిసే ఉంటుంది. మద్రాసు సుప్రీంకోర్టులో ఆయన దుబాసి.

*

ఎగేరియా చివరి లేఖలు కాన్‌స్టాంటినోపిలు నుంచి రాసింది. అక్కడినుంచి ఎఫెసుకు పోతాననీ, బతికుంటే ఇంకా చూసినవి చెబుతాననీ, తనను మరచిపోవద్దనీ సోదరీమణులను వేడుకుంది. ఇల్లు చేరిందో లేదో ప్రతిలో లేదు.

ఆమె నిలబడిన ఆలయం 614లో పారశీకుల దండయాత్రలో కాలింది. 1009లో ఫాతిమిద్ ఖలీఫా హాకిం కూల్పించాడు. మళ్లీ మళ్లీ కట్టారు. ఇప్పుడున్నది ఎక్కువ భాగం క్రూసేడు యోధుల కట్టడం. గ్రీకులు, ఆర్మేనియన్లు, లాటిన్లు, కోప్తులు, ఇతియోపియన్లు, సిరియన్లు ఆరుగురూ ఒకే కప్పు కింద ఎవరి భాషలో వారు ఆరాధిస్తారు. ఎవరి గోడ ఎక్కడిదాకా, ఎవరి దీపం ఎన్ని గంటలకు అన్నవి ఒట్టోమను సుల్తానుల నాటి కట్టడితో నడుస్తాయి. ఆ వాటాల తగాదా భయంతో ముఖద్వారం పైన కిటికీ ముందు ఒక నిచ్చెనను పద్దెనిమిదో శతాబ్దం నుంచీ తీయకుండా ఉంచారు. తలుపు తాళం రెండు ముస్లిం కుటుంబాల చేతుల్లో ఉంది. మా ముసలమ్మ ఆ నిచ్చెన చూసి, "అన్నదమ్ముల ఇల్లే నాయనా" అంది. 2023 అక్టోబరులో గాజా యుద్ధం మొదలయ్యాక యాత్రికుల రాక బాగా పడిపోయిందని పత్రికల్లో చదివినప్పుడల్లా ఆమె మాటే గుర్తొస్తుంది.

ఇక మా నాన్నగారి సంగతి. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. తెలుగు కుటుంబాలు సగం బెంగళూరుకు పోయాయి. మా గుడి పెద్దలు, ఉన్నవాళ్లందరికీ తమిళం అర్థమవుతుంది కదా, సమయం కలిసివస్తుంది అని తెలుగు చెప్పడం ఆపేశారు. నాన్నగారు ఏమీ అనలేదు. మరుసటి ఆదివారం వెళ్లి ఎడమ పక్క చాప మీద కూర్చున్నారు. నెల తిరగకుండానే నలుగురు ముసలివాళ్లు జరిగి జరిగి ఆయన చుట్టూ చేరారు. ఆయన తల వంచుకుని, గొంతు తగ్గించి, వాళ్లకు మాత్రమే వినబడేలా చెప్పేవారు. పోయేదాకా అలాగే చెప్పారు. పీఠం పక్కన నిలబడే పురోహితుడు ఒకరు, జనం మధ్య కూర్చుని విడమరచి చెప్పే సోదరులు ఒకరు అని ఎగేరియా రెండు రకాల దుబాసీలను చెప్పింది. మా నాన్న రెండూ చేశారు.

ఆయన అంత బాగా చెప్పకపోయి ఉంటే, మావాళ్లు ఎప్పుడో తెలుగు అయ్యగారి కోసం అడిగి ఉండేవారేమో అని ఒక్కొక్కప్పుడు అనిపిస్తుంది. ఆయన లేకపోతే ఆ చాపల మీద ఆడవాళ్లు ఏళ్ల తరబడి ఏమీ తెలియకుండా కూర్చునేవారు కదా అని మళ్లీ నేనే అనుకుంటాను. ఈ రెండింటిలో ఏది నిజమో తేల్చుకోలేక ఉన్నాను.

పాలస్తీనా దుబాసుల మాటలు సీనాయి మఠంలో దొరికాయి. మా నాన్న తెలుగు ఒక్క ముక్క కూడా ఏ కాగితం మీదా లేదు. నాకు గుర్తున్నది ఇక్కడ రాసిపెడతాను. ఒక శుభ శుక్రవారం నాడు అయ్యగారు, మధ్యాహ్నం నుంచి మూడు గంటల దాకా దేశమంతటా చీకటి కమ్మిన భాగం చదివి, చీకటి అని ఊరుకున్నారు. నాన్నగారు ఒక్క క్షణం ఆగారు. ఎడమ పక్కకు చూశారు. గనిలో రాయి పేలి మగవాళ్లను పోగొట్టుకున్న ఆడవాళ్లు అక్కడ ఉన్నారు. "చీకటి. షాఫ్టులో బత్తీ ఆరిపోయినట్టు" అన్నారు.

ఆ రెండో వాక్యం అయ్యగారిది కాదు.